మావారు ఆర్మీలో ఉన్నారు, నేను నర్సింగ్ చదవాలనుకుంటున్నాను... కుదురుతుందా?

పఠాన్‌కోట్ ఆర్మీ క్వార్టర్స్ నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. సొంతూరు శ్రీకాకుళం జిల్లా, వయసు 26. ఇంటర్ బైపీసీలో 81 శాతం మార్కులు వచ్చాయి, డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగానే పెళ్లి చేసేశారు. భర్త ఆర్మీలో నాయక్, ఆయనకు 31 ఏళ్లు, 12 ఏళ్ల సర్వీసు అయింది. బాబుకి నాలుగేళ్లు. పోయినేడాది విరేచనాలతో నీరసించిపోయిన బాబుని మిలటరీ హాస్పిటల్లో చేర్చారట, చేతికి ఎక్కడా నరం దొరక్కపోతే ఒక సిస్టర్ పిల్లాడి పాదానికి వెచ్చటి గుడ్డ చుట్టి కాసేపు పట్టుకుని, నెమ్మదిగా తడిమి చూసి, ఒక్కసారికే సూది ఎక్కించిందట. "ఆ రోజు నుంచి నాకు వేరే ఆలోచన లేదండీ, నేనూ ఆ పని నేర్చుకోవాలి" అని రాశారు.

ఇప్పుడు చిక్కేమిటంటే, వచ్చే ఏడాది భర్తకు ఫీల్డ్ పోస్టింగ్ రాబోతోంది, అక్కడికి ఫ్యామిలీని తీసుకెళ్లడం కుదరదు. ఆయన మంచివాడే, చదువుకోమంటున్నాడు, కానీ తోటి జవాను ఎవరో చెప్పిన ఒక కాలేజీలో డబ్బు కట్టేస్తే క్లాసులకు వెళ్లక్కర్లేదు, పరీక్షలు రాస్తే జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) సర్టిఫికెట్ చేతికొస్తుంది, అందులో చేరిపో అంటున్నాడు. అమ్మేమో రెండేళ్ల ఏఎన్‌ఎం (ఊళ్లో తల్లీపిల్లల ఆరోగ్యం చూసే కార్యకర్త కోర్సు) చేసి ఊళ్లో సచివాలయం ఉద్యోగం చూసుకోమంటోంది. అత్తగారికి నర్సు ఉద్యోగమంటేనే ఇష్టం లేదు, పైగా రెండో బిడ్డ ఎప్పుడని అడుగుతున్నారు. తాము బీసీలమని, జీఎన్‌ఎం, నాలుగేళ్ల బీఎస్సీలలో ఏది మంచిదో చెప్పమని, ఆర్మీలోనే నర్సుగా పనిచేయొచ్చా అని కూడా రాశారు. "నాలుగేళ్లు మొగుణ్ణి వదిలేసి చదువుకుంటావా అని క్వార్టర్స్‌లో పక్కింటివాళ్లు కూడా అంటున్నారు. నేను స్వార్థంగా ఆలోచిస్తున్నానా?" అనే ప్రశ్నతో ఉత్తరం ముగిసింది.

అమ్మా, ముందు ఆ చివరి ప్రశ్న సంగతి. స్వార్థం ఏమీ లేదు. ఆ మాట ఇక మనసులోంచి తీసేయండి. మిగతావన్నీ లెక్కలు వేసుకుని తేల్చుకోవాల్సిన విషయాలు, ఒక్కొక్కటే చూద్దాం.

అన్నిటికన్నా ముందు ఆ క్లాసులకు వెళ్లక్కర్లేని కాలేజీ. మిగతా విషయాల్లో దారులు చూపించి నిర్ణయం మీకే వదిలేస్తాను గానీ దీంట్లో మాత్రం వద్దని గట్టిగా చెబుతున్నాను. నర్సింగ్‌లో మొదటి చదువు, అది జీఎన్‌ఎం అయినా బీఎస్సీ అయినా, దూరవిద్యలో లేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం థియరీకి కనీసం 80 శాతం హాజరు ఉండాలి, ప్రాక్టికల్స్ అయితే సర్టిఫికెట్ ఇచ్చేలోపు నూటికి నూరు శాతం పూర్తి కావాలి. అంటే వార్డులో మీరు నిలబడాల్సిన ప్రతి గంటా నిలబడి తీరాలి. హాజరు లేకుండా ఇచ్చే కాగితంలో ఆ గంటలన్నీ దొంగ రాతలే. మీ కుటుంబానికి ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే మీరు ఒక్క రాష్ట్రంలో ఉండేవాళ్లు కాదు. వేరే రాష్ట్రంలో పనిచేయాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి, అప్పుడు మీ పాత కౌన్సిల్‌ను, కాలేజీని అడిగి వివరాలు సరిచూస్తారు. ఎక్కడో ఒక చోట దొరుకుతుంది. దొరక్కపోయినా సరే, మీ బాబుకి సూది ఎక్కించిన సిస్టర్ అలాంటి సర్టిఫికెట్‌తో వచ్చిన మనిషై ఉంటే ఆ రోజు ఏమయ్యేదో మీవారితో కూర్చుని ఒకసారి మాట్లాడండి. ఆయనకు చెడు ఉద్దేశం లేదు, మీకు ఇబ్బంది లేకుండా ఉండాలనే తొందర. చెబితే అర్థం చేసుకుంటారు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరం మొత్తం వచ్చే పోస్టింగ్ చుట్టూనే తిరుగుతోంది. ఫీల్డ్ అయితే ఏం చేయాలి, ఆ తర్వాత ఎక్కడ వేస్తారు, మధ్యలో మారితే ఎలా అని. ఆర్మీలో ఉన్నవాళ్లింట్లో అందరికీ ఇదే అలవాటైపోతుంది, రెండు మూడేళ్లకు మించి ముందుకు చూడరు. నేను మిమ్మల్ని చూడమంటున్నది ఆయన రిటైర్మెంట్ వైపు. జవాన్లకు 15 ఏళ్లు నిండితే పెన్షన్ అర్హత వస్తుంది, నాయక్, హవల్దార్ ర్యాంకుల్లో ఉన్నవాళ్లు చాలామంది నలభైల మొదట్లోనే ఇంటికొచ్చేస్తారు. మీవారు 42, 43 ఏళ్లకు బయటికొచ్చారనుకోండి, అప్పటికి మీకు 37, 38. బాబు సరిగ్గా ఇంటర్ దగ్గరుంటాడు, అంటే ఇంట్లో ఖర్చు బాగా పెరిగే సమయం. ఆయనకు పెన్షన్ వస్తుంది, సెక్యూరిటీ ఉద్యోగమో బ్యాంకులో గార్డు పోస్టో చూసుకుంటారు. మీరు మాత్రం అప్పటికి అనుభవమున్న నర్సు. ఆంధ్రలో ప్రభుత్వోద్యోగులకు రిటైర్మెంట్ 62 ఏళ్లకు, తెలంగాణలో 61కి. అంటే ఆయన ఉద్యోగం ముగిసే నాటికి మీ ముందు ఇంకా ఇరవై ఏళ్లకు పైగా సర్వీసు ఉండే అవకాశం ఉంది. ఇంటి రెండో సగం నడిచేది మీ జీతం మీదేనని అనుకుని లెక్క వేయండి, అప్పుడు నాలుగేళ్ల చదువు మరీ అంత పెద్దగా కనపడదు.

ఆ దృష్టితో కోర్సులు చూడండి.

ఏఎన్‌ఎం రెండేళ్లు. తొందరగా అయిపోతుంది, మీ అమ్మగారి మాటలోనూ అర్థముంది, 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు చాలామంది ఏఎన్‌ఎంలకు ఉద్యోగాలొచ్చాయి. కానీ మళ్లీ అలాంటి నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. పైగా ఏఎన్‌ఎం రిజిస్ట్రేషన్ వేరు, నర్సు రిజిస్ట్రేషన్ వేరు. హాస్పిటల్లో స్టాఫ్ నర్సు పోస్టుకి, మిలటరీ హాస్పిటల్లో మీరు చూసిన సిస్టర్ పనికి ఏఎన్‌ఎం సరిపోదు. ఊళ్లో, గడప గడపకూ తిరిగి తల్లులకూ పిల్లలకూ చేసే పని మీకు నచ్చితే అది ఎంతో విలువైన ఉద్యోగం, తక్కువేమీ కాదు. మీ ఉత్తరం చదివితే మాత్రం మీ మనసు వార్డులో ఉన్నట్టుంది.

జీఎన్‌ఎం మూడేళ్లు. ఇంటర్ ఏ గ్రూపైనా తీసుకుంటారు, సైన్స్ అయితే మరీ మంచిది, 35 ఏళ్ల లోపు ఉండాలి. పూర్తిగా స్టాఫ్ నర్సు అర్హత వస్తుంది. దీని మంచి గుణం ఏమిటంటే ముక్కలు చేసుకోవచ్చు. ఇప్పుడు మూడేళ్లు చదివి, కొన్నాళ్లు పనిచేసి, పిల్లలు కాస్త పెద్దయ్యాక రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేస్తే డిగ్రీ చేతిలో ఉంటుంది. మొత్తం ఐదేళ్లవుతుంది గానీ ఒకే ఊపున నాలుగేళ్లు కేటాయించలేని వాళ్లకు ఇది మంచి దారి.

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 45 శాతం, ఇంగ్లిష్ పాస్ అయి ఉండాలి, మీకు ఆ ఇబ్బంది లేదు. కౌన్సెలింగ్‌లో తక్కువ ఫీజుకు ఇచ్చే కన్వీనర్ సీటు కావాలంటే ప్రవేశ పరీక్షలో ర్యాంకు రావాలి, అంటే ఎప్పుడో వదిలేసిన ఇంటర్ పుస్తకాలు మళ్లీ దుమ్ము దులపాలి. ఆంధ్రలో కౌన్సెలింగ్ విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం చేస్తుంది, తెలంగాణలో అయితే వరంగల్ కాళోజీ విశ్వవిద్యాలయం. మీ చదువంతా శ్రీకాకుళంలోనే సాగింది కాబట్టి మీరిప్పుడు పంజాబ్‌లో కాపురం ఉంటున్నా ఆంధ్రలో మీకు లోకల్ వర్తిస్తుంది, స్టడీ సర్టిఫికెట్లు అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి.

ఈ రెండింటిలో ఏది అని మీరు సూటిగా అడిగారు. వయసు లెక్క ఒకటి చెబుతాను, దాన్నిబట్టి మీరే తేల్చుకోండి. దేశంలోని ఎయిమ్స్‌లన్నిటికీ నర్సింగ్ ఆఫీసర్లను నార్‌సెట్ అనే పరీక్షతో తీసుకుంటారు, పోస్టుల్లో 80 శాతం మహిళలకే. రకరకాల రాష్ట్రాల్లో ఎయిమ్స్‌లు ఉన్నాయి కాబట్టి ఆర్మీ భార్యకు ఇది చక్కటి ఉద్యోగం. సాధారణ వయోపరిమితి 30, ఓబీసీలకు మూడేళ్ల సడలింపు. బీఎస్సీ వాళ్లు చదువైపోగానే రాయొచ్చు, జీఎన్‌ఎం వాళ్లకు మాత్రం కనీసం 50 పడకల హాస్పిటల్లో రెండేళ్ల అనుభవం ఉండాలి. మీరు వచ్చే ఏడాది 27కి చేరితే బీఎస్సీ 31కి పూర్తవుతుంది, జీఎన్‌ఎం 30కి పూర్తయి అనుభవంతో కలిపి 32 దాటుతుంది. మీరు బీసీ అని రాశారు, కానీ రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులమూ కేంద్రం ఓబీసీ జాబితాలో ఉండదు, అది ఈ వారమే కనుక్కోండి. ఉంటే బీఎస్సీతో మీకు రెండేళ్ల పాటు ఆ తలుపు తెరిచి ఉంటుంది. లేకపోతే ఆ తలుపు రెండు దారుల్లోనూ మూసుకున్నట్టే, అప్పుడు జీఎన్‌ఎం వైపు మొగ్గినా నష్టం తక్కువ. దానికి బెంగ పెట్టుకోవద్దు, రాష్ట్ర ప్రభుత్వ పోస్టులకు వయోపరిమితి చాలా ఎక్కువ. తెలంగాణలో 2024లో వచ్చిన నర్సింగ్ ఆఫీసర్ నోటిఫికేషన్‌లో 46 ఏళ్ల వరకూ అవకాశం ఇచ్చారు.

ఎక్కడ చదవాలన్నది తర్వాతి ప్రశ్న. పఠాన్‌కోట్‌లోనే ఇప్పుడు చేరితే మొదటి ఏడాది ముగ్గురూ కలిసి ఉంటారు, నిజమే. ఆ తర్వాత ఆయన ఫీల్డ్‌కి వెళితే మీరు ఒక్కరే, అక్కడ బాబుని చూసుకోవడానికి అమ్మ ఉండదు, అత్త ఉండదు. నర్సింగ్‌లో కాలేజీ మధ్యలో మారడం చాలా కష్టం, మారడం ఉండదనుకునే ప్లాన్ వేసుకోవాలి. రెండోది, ఫీల్డ్ ఆర్డర్ రాగానే శ్రీకాకుళం వచ్చేసి, పుట్టింట్లో ఉండి అక్కడో విశాఖలోనో చదవడం. మూడోది, భర్తలు ఫీల్డ్‌లో ఉన్న కుటుంబాలకు కొన్ని స్టేషన్లలో ఇచ్చే ఎస్.ఎఫ్. క్వార్టర్ అడిగి, సికింద్రాబాద్ లాంటి చోట ఉండి చదవడం. మిలటరీ హాస్పిటల్, స్కూలు, క్యాంటీన్ అన్నీ దగ్గర్లో ఉంటాయి, కానీ వెయిటింగ్ లిస్టు ఉంటుంది, తెలంగాణలో మీరు నాన్-లోకల్ అవుతారు, ఫీజు బరువు పడొచ్చు. మీ అమ్మగారు వచ్చి మీతో ఉండగలిగితేనే ఇది ఆలోచించండి.

నాకైతే రెండోది మీకు దగ్గరగా ఉందనిపిస్తోంది. "నాలుగేళ్లు మొగుణ్ణి వదిలేసి" అన్నవాళ్లు ఒక లెక్క మర్చిపోయారు. ఫీల్డ్‌లో ఉన్న రెండు, మూడేళ్లు మీరు చదివినా చదవకపోయినా ఆయన దగ్గర ఉండలేరు కదా. ఆ కాలం మీరు ఊళ్లో ఊరికే ఎదురుచూస్తూ గడిపేది. చదువు కోసం మీరు నిజంగా అదనంగా దూరంగా ఉండేది ఏడాది, మహా అయితే రెండేళ్లు. జీఎన్‌ఎం అయితే అది కూడా బాగా తగ్గుతుంది. జవాన్లకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు ఉంటాయి. వాటిని పండగలకూ పెళ్లిళ్లకూ కాకుండా మీ పరీక్షల ముందు నెలకి, మీకు నైట్ డ్యూటీలు పడే నెలకి పెట్టుకోమనండి. ఆయన బాబుతో పూర్తిగా ఉండే ఆ రోజులు వాళ్లిద్దరికీ కూడా అవసరం.

కష్టం లేదని మాత్రం చెప్పను. పొద్దున్నే ఆరున్నరకి యూనిఫాం వేసుకుని క్లినికల్‌కి బయలుదేరుతుంటే బాబు కొంగు పట్టుకుని ఏడుస్తాడు, సాయంత్రం కేర్ ప్లాన్లు, రికార్డు బొమ్మలు రాసుకుంటుంటే వచ్చి ఒళ్లో కూర్చుంటాడు. మీకన్నా ఎనిమిదేళ్లు చిన్నవాళ్లు మీ పక్కన ఉంటారు. నేను నర్సింగ్ విద్యార్థులకు పాఠం చెప్పిన కాలంలో పెళ్లై పిల్లలున్న అమ్మాయిలు మొదటి ఏడాది అనాటమీ దగ్గర ఏడ్చేవాళ్లు, మూడో ఏడాది ప్రసూతి వార్డులో మాత్రం తరగతి మొత్తానికి వాళ్లే ధైర్యం. నొప్పులు పడుతున్న తల్లి చెయ్యి ఎలా పట్టుకోవాలో వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

రెండో బిడ్డ విషయం మీ ఇద్దరిది, అత్తగారిది కాదు, నాదీ కాదు. పర్యవసానాలు మాత్రం చెబుతాను. చదువు మధ్యలో గర్భం వస్తే ప్రాక్టికల్ గంటలు మిగిలిపోతాయి, ఒక సెమిస్టరో ఏడాదో వెనకపడతారు, టీబీ వార్డు, ఎక్స్‌రే లాంటి చోట్ల పోస్టింగ్ గురించి ముందే కాలేజీకి చెప్పాల్సి వస్తుంది. చదువయ్యాక అంటే మీకు 30, 31 ఉంటాయి, అది ఆలస్యమేమీ కాదు. ముందే కావాలనుకుంటే ఒక ఏడాది ఆగి చేరొచ్చు, కానీ పైన చెప్పిన నార్‌సెట్ లెక్క అప్పుడు ఇంకా బిగుసుకుంటుంది. అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడ భయం నైట్ డ్యూటీల గురించి, నలుగురూ ఏమనుకుంటారోనన్న దాని గురించి. బాబుకి బాగోలేనప్పుడు మిలటరీ హాస్పిటల్లో ఏం జరిగిందో ఆవిడకు ఎప్పుడైనా పూర్తిగా చెప్పారా? నాకు రాసినట్టే ఆవిడకూ చెప్పండి. మిగతాది మీవారు మాట్లాడాలి, తన తల్లికి ఆయన చెప్పడమే పద్ధతి.

డబ్బు విషయంలో ఆశలు సరిగ్గా పెట్టుకోండి. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ మాజీ సైనికుల పిల్లలకు, వితంతువులకే గానీ సర్వీసులో ఉన్నవాళ్ల భార్యలకు కాదు. సీట్లలో ఉండే సైనికోద్యోగుల కోటా కూడా ప్రధానంగా పిల్లల కోసమే, అది మీ బాబుకి పనికొస్తుంది. జలంధర్, గువాహటిలలో ఆర్మీ నడిపే నర్సింగ్ కాలేజీలున్నాయని విని ఉంటారు, అవి ప్రధానంగా సైనికుల కూతుళ్ల కోసం పెట్టినవి. కాబట్టి కన్వీనర్ సీటు తెచ్చుకోవడమే మీకు అసలైన స్కాలర్‌షిప్.

మీరు ఉత్తరంలో "ఆ సిస్టర్‌లా ఆర్మీలోనే పనిచేయొచ్చా" అని అడిగారు. మిలటరీ నర్సింగ్ సర్వీసులో చేరినవాళ్లు లెఫ్టినెంట్ హోదాతో మొదలవుతారు. ఒకప్పుడు పెళ్లి చేసుకుంటే ఉద్యోగంలోంచి తీసేసే నిబంధన ఉండేది, 1995లో అది పోయింది. దాని కింద 1988లో ఉద్యోగం పోగొట్టుకున్న సెలీనా జాన్ అనే నర్సింగ్ అధికారిణికి 60 లక్షల పరిహారం ఇవ్వాలని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ నిబంధన ఏకపక్షమని, వివక్ష అని తేల్చింది. అందులో పరిమిత కాలానికి తీసుకునే షార్ట్ సర్వీస్ కమిషన్‌కు బీఎస్సీ ఉండాలి, జీఎన్‌ఎం చాలదు, గత నోటిఫికేషన్లలో వయసు 35 వరకు ఇచ్చారు. వైవాహిక స్థితి గురించి ఆయా నోటిఫికేషన్‌లో ఏం రాశారో చదివి అప్లై చేయండి. ఒకటి గుర్తుంచుకోండి, అందులో చేరితే మీకూ పోస్టింగులు ఉంటాయి, ఇద్దరూ రెండు చోట్ల ఉండాల్సి రావచ్చు. మీవారు జవాను, మీరు ఆఫీసర్ అవుతారు, అది మీ ఇద్దరూ ముందే మాట్లాడుకోవాల్సిన సంగతి. ఇది వద్దనుకుంటే మాజీ సైనికుల ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్కులు చాలా ఊళ్లలో ఉన్నాయి, అక్కడ నర్సింగ్ పోస్టులు కాంట్రాక్టు మీద ఉంటాయి.

చదువయ్యాక ఊళ్లు మారే ఉద్యోగానికి కాగితాలే ప్రాణం. ఆంధ్ర కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యాక జాతీయ రిజిస్టర్‌లో మీ గుర్తింపు సంఖ్య తీసుకోండి. ఆయనకు కొత్త పోస్టింగ్ ఆర్డర్ వచ్చిన రోజే ఆ రాష్ట్రం కౌన్సిల్‌కు బదిలీ కోసం ఇక్కడి నుంచి ఎన్‌ఓసీకి, అంటే అభ్యంతరం లేదనే పత్రానికి, దరఖాస్తు పెట్టేయండి, సామాను సర్దడం తర్వాత. ఏ హాస్పిటల్ వదిలినా అనుభవ పత్రం తీసుకోకుండా కదలొద్దు, అందులో చేరిన తేదీ, మానేసిన తేదీ, ఏ వార్డు, హాస్పిటల్‌కు ఎన్ని పడకలు అన్నీ ఉండాలి. ఆ పడకల సంఖ్య లేకనే ఎంతోమంది అప్లికేషన్లు ఆగిపోతాయి. ఐసీయూ, డయాలసిస్, లేబర్ రూం లాంటి చోట పట్టు సంపాదించిన నర్సుకు ఏ ఊళ్లో అయినా పని దొరుకుతుంది. క్వార్టర్స్‌లో ఇన్నేళ్లుండి మీరు నేర్చుకున్న హిందీ కూడా మీకు పెద్ద ఆస్తి, మన వైపు నుంచి వెళ్లిన నర్సులు చాలామంది ఉత్తరాదిలో మొదటి ఏడాది భాష దగ్గరే టెన్షన్ పడతారు.

ఇప్పుడు ఈ నెలలో చేయాల్సినవి. ఇంటర్ మెమో, స్టడీ, కుల సర్టిఫికెట్లు ఊరి నుంచి తెప్పించుకోండి. బోటనీ, జువాలజీ తెరిచి రోజుకి రెండు గంటలు, బాబు మధ్యాహ్నం నిద్రపోయినప్పుడైనా చదవడం మొదలుపెట్టండి, ఫిజిక్స్‌కి ఎక్కువ సమయం పడుతుంది. శ్రీకాకుళం, విశాఖల్లోని ఏ కాలేజీ అనుకున్నా ముందు దానికి రాష్ట్ర కౌన్సిల్ అనుమతి, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నాయో లేదో చూడండి. ఆ తర్వాత ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: పెళ్లై బిడ్డ ఉన్నవాళ్లను హాస్టల్లో కాకుండా ఇంటి నుంచి వచ్చి చదువుకోనిస్తారా, క్లినికల్‌కి పంపేది ఏ హాస్పిటల్‌కి, అక్కడ ఎన్ని పడకలున్నాయి, చేరేటప్పుడు తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు మధ్యలో అవసరమైతే ఇస్తారా. మొదటి ప్రశ్నకు చాలా కాలేజీలు నసుగుతాయి, ఫోన్‌లో సరే అన్నా ప్రిన్సిపాల్ దగ్గర కాగితం మీద రాయించుకోండి. ఏ కాలేజీ ఏం చెప్పిందో నాకు మళ్లీ రాయండి, కాలేజీల ఆప్షన్లు పెట్టుకునే ముందు కలిసి చూద్దాం.